పదకొండు మెట్ల ఇల్లు

స్థలాల బేరాలు కుదిర్చే రమేష్‌బాబు అందరి ఫోన్లకీ పంపిన ప్రకటనలో అబద్ధం ఒక్కటీ లేదు. నర్సీపట్నం నుంచి బలిఘట్టం వెళ్లే దారిలో లేక్‌వ్యూ కాలనీ. చెరువు ఒడ్డునే ఇల్లు. తూర్పు ముఖం, ఆరు వందల గజాలు, కింద మూడు పడగ్గదులు, పైన రెండు, పాతికమంది ఒకేసారి కూర్చోగల హాలు, టేకు తలుపులు, పెరటి గుమ్మం తీస్తే చెరువులోకి దిగడానికి రాతి మెట్లు పదకొండు. కట్టి తొమ్మిదేళ్లే అయింది. చివర్లో సొంత తెలివి కొంచెం జోడించి, ‘నీటికి ఏనాడూ కొరత ఉండదు’ అని రాశాడు.

ఆ చివరి ముక్క చదవగానే ఇంటి యజమాని గణేశ్వరరావు ఇంక ఆగలేదు. వెంటనే ఫోన్ చేశాడు.

“ఆ నీళ్ల మాట తీసెయ్యి రమేషూ.”

“అదేటండీ, ఊళ్లో సగం బోర్లు ఎండిపోయి ఏడుస్తుంటే, నీళ్లున్నాయన్న మాటే గదా పార్టీని లాక్కొచ్చేది.”

“తియ్యమన్నాను గదా.”

గణేశ్వరరావు పేరున్న కాంట్రాక్టరు. మన్యం రోడ్ల మీద కల్వర్టులు, బడి గోడలు, పంచాయతీ ఆఫీసులు కట్టి పైకొచ్చినవాడు. ఆ కాలనీకి లేఅవుటు వేసిందీ ఆయనే. నలభై ప్లాట్లలో ముప్ఫై తొమ్మిది అమ్మేసి, చెరువుని ఆనుకుని అన్నిటికన్నా పల్లంలో ఉన్నదాన్ని తనకోసం ఉంచుకుని, ముచ్చటపడి ఇల్లు కట్టుకున్నాడు. అంత ముచ్చటైన ఇల్లు ఎందుకమ్ముతున్నావయ్యా అంటే ఒకరితో మోకాళ్ల నొప్పులన్నాడు, ఒకరితో ఇద్దరు మనుషులకి ఇంత ఇల్లెందుకన్నాడు, ఇంకొకరితో వాస్తు పడలేదన్నాడు. ఒక పనికి మూడు కారణాలు చెప్పేవాడి దగ్గర నాలుగోది తప్పకుండా ఉంటుంది. ఆ నాలుగోది ఆయన భార్య పుష్పవతికి కూడా చెప్పలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో భోజనాల బల్ల వేసిన చోట పదేళ్ల కిందట నీలమ్మ తల్లి ఉండేది. గుడి లేదు, కప్పు లేదు. నడుమెత్తు నల్లరాయి, రాయి అడుగున చెక్కిన రెండు పాదాలు, ఒళ్లంతా పసుపు. ఆ తల్లి పేరు మీదే అది నీలమ్మ చెరువు. చెరువు నిండి నీళ్లు అమ్మవారి పాదాలు తడిపిన రోజున, చెరువు చూసే మనిషి అవతలి గట్టు చివరికి పోయి, మిగులు నీళ్లు పోయే దారికి అడ్డంగా ఉన్న చెక్కపలకలు ఎత్తేవాడు. పాదాలు తడవకముందు ఎత్తితే కింద పొలాల రైతులు ఊరుకోరు. తడిశాక ఎత్తకపోతే ఈ ఒడ్డువాళ్లు ఊరుకోరు. తాతల నాటి నుంచి ఆ చెరువుకి అదే కొలత, వేరే కొలబద్ద లేదు.

లేఅవుటు వేసినప్పుడు అమ్మవారు సరిగ్గా మంచి ప్లాటు మధ్యలో పడింది. గణేశ్వరరావు రైతు పెద్దల్ని కూర్చోబెట్టి, రెండు వందల గజాల అవతల ఒడ్డునే చిన్న పార్కు చేసి, అందులో టైల్సు గద్దె కట్టి, రేకుల కప్పు వేసి అమ్మవారిని పెడతానన్నాడు. వాళ్లు ఒప్పుకున్నారు, ఒకే ఒక్క షరతు మీద. అమ్మవారి పాదాలు ఇక్కడ ఏ ఎత్తున ఉన్నాయో అక్కడా అదే ఎత్తున ఉండాలి. ఈయన ఎత్తులు కొలిచే లెవెల్ మిషన్ తెప్పించి చూశాడు. పార్కులో నేల మెరక కాబట్టి నాలుగడుగులు తవ్వి, గోతిలో దించాలని తేలింది.

ముహూర్తం పొద్దున్న తొమ్మిదీ పన్నెండుకి. మేళం వచ్చింది, పురోహితుడు వచ్చాడు, ఘటాలెత్తుకుని ఆడవాళ్లు వచ్చారు, గంటకింత అని మాట్లాడుకున్న క్రేను వచ్చింది. జానెడు తవ్వేసరికి గునపం ఖంగుమంది. కింద అంతా రాయి. ఆ రాయి పగలాలంటే రెండు రోజులు పడుతుంది, ముహూర్తానికి ఇరవై నిమిషాలుంది. గణేశ్వరరావు గోతిలోకి చూశాడు, గడియారం చూశాడు, తట్టెడు మట్టి పోయించి అమ్మవారిని ఆ రాతి మీదే నిలబెట్టించాడు. ఎగుడుదిగుడు ఒడ్డు, రెండు వందల గజాల దూరం. కంటికి ఎవరికి తెలుస్తుంది?

లెవెలు సరిపోయిందా అని పెద్దలు అడిగారు. సరిపోయిందన్నాడు. ఒక ముసలి రైతు మాత్రం కర్పూరం ఆర్పి ఒట్టు వెయ్యమన్నాడు. అప్పటికి డిగ్రీ చదువుతున్న కూతురు బేబి హారతి పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. గణేశ్వరరావు వెలుగుతున్న కర్పూరం మీద అరచెయ్యి మూసి, “ఒక్క అంగుళం తేడా ఉంటే నా కూతురి మీద ఆన” అన్నాడు. తర్వాత ఎప్పుడైనా తీరిగ్గా రాయి పగలగొట్టించి దించేద్దాం అనుకున్నాడు. తీరిక అనేది కాంట్రాక్టర్లకి బిల్లు వచ్చేదాకా ఉండదు, వచ్చాక గుర్తుండదు.

నిజానికి గుర్తుంచుకోవలసిన అవసరమూ రాలేదు. చెరువులోకి నీళ్లు తెచ్చే గెడ్డ తుప్పలతో పూడిపోయి, తొమ్మిదేళ్లు చెరువు సగం కూడా నిండలేదు. పిల్లలు అందులో క్రికెట్ ఆడుకున్నారు. పోయిన వేసవిలో గెడ్డ బాగుచేశారు, చెరువు లోతు తీశారు, గట్టు ఎత్తు పెంచారు. కార్తీక మాసానికి నీళ్లు గణేశ్వరరావు పెరటి మెట్లెక్కి ఏడు మెట్లు మింగేసి, నాలుగు మిగిల్చి ఆగాయి. అప్పుడు ఒకనాడు తెల్లవారగానే, ఎవరూ చూడకుండా, ఆయన మళ్లీ మిషన్ పెట్టి చూసుకున్నాడు. పాత కొలత ప్రకారం పైన మూడు మెట్లు మిగిలుండగానే పలకలు లేవాలి. ఇప్పుడున్న అమ్మవారి పాదాలు తడవాలంటే మెట్లన్నీ మునిగి, ఇంట్లో నేల మీద రెండున్నర అడుగుల నీళ్లు నిలవాలి. టేపు పట్టుకుని హాల్లో గోడ మీద కొలిచాడు. పడగ్గదిలోకి వెళ్లి కొలిచాడు. మంచం ఎత్తు వచ్చింది. పైగా ఆ ప్లాటు ఎర్రమట్టి పోసి మెరక చేసినది. నీళ్లు నాలుగు రోజులు నిలిస్తే పునాది కింద ఆ మట్టి ఏమవుతుందో కల్వర్టులు కట్టినవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆ రాత్రి నుంచే మొగుడూ పెళ్లాం పై అంతస్తులో పడుకుంటున్నారు. దోమలని చెప్పాడు.

ఈ ఏడు వానలు మళ్లీ మొదలయ్యాక, చెరువు చూసే మనిషి దేవుళ్లుని గట్టు మీద పట్టుకున్నాడు. దేవుళ్లు తాతా తండ్రీ కూడా ఆ పనే చేశారు.

“ఈసారి వానలు గట్టిగా ఉన్నాయంటున్నారు. పలకలు కొంచెం బేగి ఎత్తితే నయమేమో దేవుళ్లూ.”

“అమ్మోరి పాదాలు తడవాల గద బాబూ.”

“తడిసేదాకా ఎందుకూ అని.”

దేవుళ్లు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. “తొమ్మిదేళ్లు కింద పొలాలు ఎండిపోనాయి. మావోళ్లు ఇశాపట్నంలో కూలికి పోనారు. ఇప్పుడు సెరువులో నాలుగు సుక్కలు పడితే, తల్లి పాదాలు తడవకముందే నాను నీళ్లు ఒగ్గీసినాననుకోండి, నన్ను ఆ గట్టులోనే పాతేత్తారు. అయినా లెవిలు సూసి పెట్టింది మీరే గదా. మీరు కర్పూరం ఆర్పినాక ఇంక మాకు బెంగేటి?”

నిజం చెప్పడానికి ఆ గట్టు మీద ఆ నిమిషం కన్నా మంచి సమయం లేదు, వినేవాడు ఒక్కడే, నవ్వేవాడు లేడు. అయినా గణేశ్వరరావు చెప్పలేకపోయాడు. తప్పుడు ప్రమాణం చేసిన మనిషని ఊరు అనుకుంటే రేపు ఏ ముఖం పెట్టుకుని బజార్లో తిరగాలి? దానికన్నా ఇల్లు అమ్మేసి చేతులు దులుపుకోవడమే తేలికనిపించింది. కొన్నవాడి ఖర్మ కొన్నవాడిది. ఇలా ఆలోచించిన మనిషి చెడ్డవాడేమీ కాదు, భయపడాల్సిన సంగతి అదే.

మొదటి పార్టీ కోటవురట్ల నుంచి వచ్చింది. మత్స్యలింగం అని హైస్కూలు మాస్టారు, ఆయన తల్లి అప్పలకొండ. మాస్టారు గదులు చూసి, టేకు తలుపులు నిమిరి, ఎక్కడ ఏ బీరువా పెట్టాలో చూసుకుంటున్నాడు. డెబ్బై ఏళ్లుగా వరి, చెరకు పండించిన అప్పలకొండ గదుల జోలికి పోలేదు. తిన్నగా పెరట్లోకి వెళ్లింది. అప్పటికి ఆరు మెట్లు పైకి కనిపిస్తున్నాయి. కిందికి దిగి, తడి ఎంతదాకా పాకిందో వేలితో తడిమి చూసింది. తర్వాత, “ఈ సెరువుకి అమ్మోరేది నాయినా?” అని అడిగింది.

పార్కుకి తీసుకెళ్లక తప్పలేదు. ముసలమ్మ అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, పాదాల మీద పసుపు కొంచెం గోటితో గీరి చూసింది.

“ఈ పాదాలెప్పుడైనా తడిసినాయా?”

“ఇక్కడికొచ్చాక చెరువు నిండలేదమ్మా.”

“మునుపెక్కడుండీది తల్లి?”

“అదిగో, ఆ పక్కనే,” అని గణేశ్వరరావు చెరువుకీ ఆకాశానికీ మధ్య ఎక్కడో చెయ్యి చూపించాడు.

అప్పలకొండ చీర కుచ్చెళ్లు సర్దుకుని గద్దె మీద బోర్లా వంగింది. గడ్డం అమ్మవారి పాదాల పక్కన ఆనించి, ఒక కన్ను మూసి, నీళ్ల మీదుగా ఇంటివైపు చూసింది. పొలం దమ్ము చేశాక మడి సమంగా ఉందో లేదో రైతులు అలాగే చూస్తారు. చాలాసేపు చూసింది. లేచి చీరకంటిన దుమ్ము దులుపుకుని కొడుకుతో “పద” అంది. మాస్టారు తెల్లబోయాడు.

“ఇల్లు బాగున్నాది నాయినా,” అంది గణేశ్వరరావుతో, వెళ్తూ వెళ్తూ. “ఒక్క మాట సెప్పు. నువ్వు ఏ గదిలో పడుకుంటన్నావు?”

“పైనమ్మా.”

“అదే అనుకున్నాను. ఆ మోకాళ్లతోటి పాపం.”

ఆమె ఎవరితోనైనా అంటుందేమోనని గణేశ్వరరావుకి వారం రోజులు అన్నం సయించలేదు. ఆమె ఎవరితోనూ అనలేదు. ఊరు కాని ఊరు, మనకెందుకు అనుకుని ఉంటుంది.

వినాయక చవితికి కూతురు బేబి, అల్లుడు వీరేంద్ర, ఐదేళ్ల మనవరాలు వచ్చారు. వాళ్లుండేది ఊళ్లోనే, మార్కెట్ దగ్గర అద్దింట్లో. భోజనాలయ్యాక బేబి, అమ్మవారు ఒకప్పుడున్న చోటే కూర్చుని, పూజ చేసిన పత్రి బుట్టలోకి ఏరుతూ, “ఎవరికో ఎందుకు నాన్నా, మాకే ఇవ్వచ్చు గదా. ఊరికే కాదులే, లోను పెట్టుకుంటాం” అంది.

“నా కంఠంలో ప్రాణముండగా మీకివ్వను.”

ఆ మాట అంత గట్టిగా ఎందుకొచ్చిందో ఆయనకి తెలుసు. మిగతావాళ్లకి తెలియదు కదా. వీరేంద్ర ముఖం మాడిపోయింది. మావగారి దృష్టిలో తానొక అద్దింటి అల్లుడు, ఈ ఇంటికి తగడు అనుకున్నాడు. బేబి పత్రి బుట్ట పక్కన పెట్టి లేచి వెళ్లిపోయింది. కూతుర్ని కాపాడుకున్నాననే అనుకున్నాడు గణేశ్వరరావు. ఎందుకివ్వనన్నాడో ఒక్క ముక్క చెప్పి ఉంటే నిజంగా కాపాడుకునేవాడు.

మర్నాడే రమేష్‌బాబుని పిలిపించాడు. “పల్లెటూరి పార్టీలొద్దు. చెరువుల సంగతి తెలీని వాళ్లని చూడు. టౌను మనుషులైతే మంచిది.”

“చెరువు తెలీనోళ్లా?” రమేష్‌బాబు నవ్వాడు. “బలే కోరికండీ బాబూ. అలాగే చూస్తాను.”

పది రోజుల్లో చూశాడు కూడా. గాజువాకలో ఏదో కంపెనీలో ఉద్యోగం, పేరు రాజుబాబు, పెళ్లాం, ఇద్దరు పిల్లలు. ఫోటోలు చూసి సరేనన్నాడట. ఇల్లు చూడ్డానికి రానక్కర్లేదట, రిజిస్ట్రేషన్ రోజున వస్తాడట. అడ్వాన్సు రమేష్‌బాబు చేతికే ఇచ్చి పంపాడు. ఇల్లు చూడకుండా కొనేవాణ్ని చూసి గణేశ్వరరావుకి జాలి వేయాలి. ప్రాణం లేచొచ్చింది.

ఈలోగా చెరువు తన పని తాను చేసుకుపోతోంది. ఐదు మెట్లు మిగిలాయి. దసరా నాటికి నాలుగు. సంపులో మూత తీస్తే చేపపిల్లలు కనిపించాయి. పుష్పవతి వాటిని మనవరాలికి చూపిద్దామని మురిసింది. హాలు గోడకి అడుగున జానెడు ఎత్తున చెమ్మ గీత పడింది. రెండుసార్లు సున్నం కొట్టించాడు, రెండుసార్లూ అది పైకొచ్చింది. భోజనాల బల్ల కింద టైల్సు మీద నడిస్తే డొల్ల చప్పుడు రావడం మొదలైంది. పుష్పవతి అక్కడ చెప్పులతో తట్టి, “ఏటండీ, కింద ఖాళీగా ఉన్నట్టుంది” అంది. ఏం లేదు, సిమెంటు లోపం అన్నాడు.

దీపావళికి నాలుగు రోజుల ముందు మూడు మెట్లు మిగిలాయి. పాత లెక్క ప్రకారం దేవుళ్లు పలకలెత్తాల్సిన రోజు. గణేశ్వరరావు పొద్దస్తమానం పెరటి గుమ్మంలో కూర్చుని అవతలి గట్టు వైపు చూశాడు. ఎవరూ రాలేదు. పార్కులో అమ్మవారు పొడిగా, పసుపుగా, ఎప్పటిలాగే ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనమని టీవీలో చెప్పారు. ఆయన రమేష్‌బాబుకి ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ రెండు రోజులు ముందుకి జరిపించాడు.

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నుంచీ కుండపోత. పెరట్లో ఒక్క మెట్టే మిగిలింది. బయల్దేరుతుంటే బేబి ఆటో దిగి, నిద్రమత్తులో ఉన్న కూతుర్ని అమ్మకి అప్పగించి, ఏదో పనుందని అదే ఆటోలో వెళ్లిపోయింది. పుష్పవతి పిల్లని కింద పడమటి గదిలో పడుకోబెట్టింది. “పైకి తీసుకెళ్లు” అన్నాడు గణేశ్వరరావు. “లేచాక తీసుకెళ్తానులెండి” అంది. ఇంకో గంటలో ఈ ఇల్లు తనది కాదు కదా అని ఆయన గొడుగు తీసుకుని బయల్దేరాడు.

రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో రమేష్‌బాబు చెవుల దాకా నవ్వుతూ ఎదురొచ్చాడు. పార్టీ లోపలున్నారండీ, మీరు కాగితాలు చూసుకోండి అని బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. గణేశ్వరరావు కళ్లజోడు తుడుచుకుని చదివాడు. అమ్ముతున్నవారి పేరు, తండ్రి పేరు, వయసు సరిగ్గా ఉన్నాయి. కొంటున్నవారి దగ్గర రాజుబాబు పేరు లేదు. సత్యలక్ష్మి, భర్త పేరు వీరేంద్ర అని ఉంది. ఇంట్లో అందరూ బేబి అని పిలుస్తారు గానీ, సత్యలక్ష్మి అని పేరు పెట్టింది ఆయనే.

తలెత్తేసరికి బేబి ఎదురుగా కోవా డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. వెనక వీరేంద్ర.

“కోప్పడకు నాన్నా. రాజుబాబు ఈయన ఫ్రెండు. మా పేరు చెబితే నువ్వు ఇవ్వవని అతని పేరుతో అడిగించాం. లోను వచ్చింది, మిగతాది ఈయన ఊళ్లో పొలం అమ్మారు. ఆ ఇల్లు పరాయివాళ్ల చేతిలో పడితే నాకు నిద్ర పట్టదు.” కూర్చుని డబ్బా మూత తీసింది. “కింద పడమటి గది చిన్నదానికి. మంచం కూడా చేయించేశాం. కిటికీ పక్కన వేస్తే పడుకునే చెరువు చూస్తుంది.”

గణేశ్వరరావు కలం కింద పెట్టేశాడు.

“నేను సంతకం పెట్టను.”

“ఇంకా ఏం తక్కువయ్యాం మావయ్యగారూ?” అన్నాడు వీరేంద్ర మెల్లిగా.

అప్పుడు చెప్పాడు. అంత మందిలో, దస్తావేజులు రాసేవాళ్ల మధ్య, వాన చప్పుడు మీద వినిపించేలా చెప్పాడు. గునపం రాతికి తగలడం, ముహూర్తం దాటిపోతుందని తొందరపడడం, కర్పూరం, నాలుగడుగులు, మంచం ఎత్తు. పదేళ్లు నోరు విప్పనివాడు మొదలెట్టాక ఆగలేకపోయాడు. రమేష్‌బాబు ముఖంలో నవ్వు ఎక్కడికి పోయిందో తెలియలేదు. బేబి కోవా డబ్బా మూత తిరిగి పెట్టింది.

“ఆ రోజు పళ్లెం పట్టుకున్నది నేనే. నా మీదే ఆన పెట్టావు,” అంది.

“తప్పయింది తల్లీ.”

“అది కాదు నాన్నా. మేం కాకుండా ఆ రాజుబాబే నిజంగా వచ్చి ఇక్కడ కూర్చుని ఉంటే? అతనికీ ఇద్దరు పిల్లలు. సంతకం పెట్టేసేవాడివా?”

గణేశ్వరరావు బల్ల మీది కలం వైపు చూశాడు. అప్పుడే బేబికి ఇంట్లో కింది గదిలో పడుకున్న పిల్ల గుర్తొచ్చింది. పుష్పవతికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

వీరేంద్ర కారు కాలనీ మలుపు తిరిగేసరికి పార్కులో అమ్మవారి రేకుల కప్పు కింద పది పన్నెండుమంది రైతులు తల మీద గోనెసంచులు కప్పుకుని నిలబడి ఉన్నారు. మధ్యలో దేవుళ్లు. నీళ్లు ఎంత వచ్చాయో చూడ్డానికి వచ్చినవాళ్లు. గణేశ్వరరావు కారు పూర్తిగా ఆగకముందే దిగి పరిగెత్తాడు.

“దేవుళ్లూ, పలకలెత్తించు. నా ఇల్లు మునిగిపోతోంది. అమ్మవారి పాదాలు నాలుగడుగులు ఎత్తున ఉన్నాయి. నేనే పెట్టాను. రాయి పడింది, దించలేకపోయాను.”

ఎవరూ కదలలేదు. ఒక రైతు మాత్రం, “వరి పొట్ట మీదున్నాది. ఈ వానలో పలకలెత్తితే కింద మడులన్నీ కొట్టుకుపోతాయి” అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

“మరి లెవిలు సూసినానన్నారు గద బాబూ?” అన్నాడు దేవుళ్లు.

“అబద్ధం చెప్పాను. కావాలంటే ఇప్పుడే మిషన్ తెప్పిస్తాను, మీరే చూసుకోండి.”

“అప్పుడు సూసిందీ మీ మిషనే గదా.”

“ఒట్టు దేవుళ్లూ. కర్పూరం తే, అమ్మవారి ముందు మళ్లీ ఆర్పుతాను.”

రైతుల్లో ఇద్దరు ముఖాలు చూసుకున్నారు. దేవుళ్లుకి కోపం లేదు, ఎగతాళీ లేదు. నిజంగానే తేల్చుకోలేక అడుగుతున్నట్టు అడిగాడు. “ఇల్లు కట్టుకునీటప్పుడు ఒక కర్పూరం, ఇల్లు మునిగీటప్పుడు ఇంకో కర్పూరం. ఏ కర్పూరం నమ్మాల బాబూ మేం?” తర్వాత కారు దిగి పరిగెత్తుకొస్తున్న బేబిని చూసి ముఖం కొంచెం తేటపడింది. “పాపా, ఆ దినం నువ్వూ ఉన్నావు. నీ మీదే ఆన పెట్టినాడు. నువ్వు సెప్పు. నువ్వు నమ్మమంటే మేం నమ్ముతాం, పంట పోయినా సరే. మీ నాన్న మాట నమ్మొచ్చా?”

బేబి ఆగింది. తండ్రి ఆమె వైపు చూశాడు. ఆ చూపులో అంతా ఉంది, ఇల్లు, ఊళ్లో పరువు, అరవై ఏళ్ల బతుకు. ఒక్క మాట చాలు. ఆమె నోరు తెరిచింది కూడా.

“నాకు తెలీదు మావా,” అంది. “నా పిల్లని తెచ్చుకోవాలి.”

చీర ఎగ్గట్టుకుని ఇంటివైపు నీళ్లలోకి దిగింది. వీరేంద్ర ఆమె వెనకే పరిగెత్తాడు. కాసేపటికి వాళ్లు తిరిగి రావడం కనిపించింది. వీరేంద్ర భుజం మీద పిల్ల, తడిసిన గౌనుతో. బేబి చెయ్యి పట్టుకుని పుష్పవతి, మోకాలి లోతు నీళ్లలో, ఇంకో చేతిలో ఏం తోచక తెచ్చిన పాలగిన్నెతో. అందరూ క్షేమంగానే ఉన్నారు. కారెక్కేటప్పుడు పిల్ల తాతకి చెయ్యి ఊపింది. బేబి పార్కు వైపు చూడలేదు. కారు వెళ్లిపోయింది.

గణేశ్వరరావు గద్దె మీద అమ్మవారి పక్కన కూలబడ్డాడు. అక్కణ్నుంచి పెరటి గుమ్మం కనిపిస్తోంది. మెట్లు ఒక్కటీ లేవు. టేకు తలుపు తెరిచే ఉంది, నీళ్లు చుట్టాల్లాగా లోపలికి వెళ్తున్నాయి. ఆయన వంగి అమ్మవారి పాదాలు తడిమాడు. పసుపు పొడిపొడిగా చేతికంటింది. కప్పు మీంచి కారుతున్న వాన నీళ్లు దోసిట్లో పట్టి ఆ పాదాల మీద పోశాడు. రైతులు తలలు పక్కకి తిప్పుకున్నారు.

దేవుళ్లు వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టి, తన గోనెసంచి తీసి ఆయన తల మీద కప్పాడు.

“మనం పోసిన నీళ్లు లెక్కలోకి రావు బాబూ. సెరువే తడపాల,” అన్నాడు ఓదార్పుగా. “కంగారు పడకండి. ఇంకా సాలా టయిమున్నాది.”